పడవవాడి ఊఁ

ప్రభాకరరావుకి మామిడికాయ తప్ప ఇంకో లోకం లేదని నూజివీడులో అందరూ అనేవాళ్ళు. ఉన్నమాటే. పూత మీద తోటలు మాట్లాడుకోవడం, కాయ దిగాక లారీలకెత్తించడం, సీజను అయ్యాక వచ్చే సీజను గురించి బెంగపడటం, ఇదే అతని బతుకు. అలాంటి మనిషి ఇప్పుడు నెల మొదలయ్యేసరికి పోస్టుమాన్ కోటేశ్వరరావు సైకిలు బెల్లు కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటున్నాడు. దేనికయ్యా అంటే, పిల్లల పుస్తకానికి!

‘పగడాల పల్లకి’ అని ఓ మాసపత్రిక. అట్ట మీద ఎగిరే గుర్రాలు, లోపల బొమ్మల కథలు, మధ్యపేజీల్లో ‘ఉప్పుకోట రాకుమారి’ అనే సీరియల్. దానికి చందా కట్టించుకున్నది అతని కూతురు కల్యాణి. రెండేళ్ళకి కట్టారు. పిల్ల రెండేళ్ళు ఉండలేదు. వానాకాలం చివర్లో ఊళ్ళో తిరిగిన మెదడువాపు జ్వరం ఆ ఇంటికీ వచ్చి, పదమూడేళ్ళ పిల్లని తీసుకుపోయింది. పత్రిక మాత్రం రావడం మానలేదు. ‘కుమారి కల్యాణి’ అని చీటీ అంటించుకుని నెలనెలా వస్తూనే ఉంది.

మొదటి నెల వచ్చినదాన్ని విప్పకుండానే అటక మీదికి విసిరేశాడు. రెండో నెల వచ్చినదాన్ని చేతిలో పట్టుకుని గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. నిలబడ్డచోటే విప్పి, నిలబడ్డచోటే చదివేశాడు. తర్వాత అటక మీదిదీ దించాడు. పిల్ల దాచుకున్న పాత సంచికలన్నీ దుమ్ము దులిపి వరసపెట్టి చదివాడు.

చదివి ఊరుకునే రకమా? వ్యాపారం చేసే బుద్ధి ఎక్కడికి పోతుంది, ప్రతిదానికీ వంక పెట్టాడు. "రాకుమారి ఇన్నాళ్ళ నుంచి ప్రయాణం చేస్తోంది, ఒక్కపూటన్నా అన్నం తిన్నట్టు రాయడేం? ముని ఎదురొచ్చి మంత్రఖడ్గం ఊరికే ఇచ్చేశాడంట. ఊరికే ఎవడిస్తాడయ్యా? ఈ బొమ్మలేసేవాడు చూడు, నిండా పూతున్న కొమ్మకే పండ్లు కూడా వేలాడదీశాడు. మామిడిచెట్టు కింద ఎప్పుడన్నా నిలబడ్డాడా వీడు?" అని గుమాస్తా బసవపున్నారావుని కూర్చోబెట్టి ఏకరువు పెట్టేవాడు. బసవపున్నారావు మొదట్లో నవ్వాడు. తర్వాత్తర్వాత నవ్వలేక, తలూపి కాటా దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

కల్యాణి అభిప్రాయాలు వేరు. కొన్ని అతనికి గుర్తున్నాయి. "రాకుమారులందరికీ ఒకటే మొహం నాన్నా. కిరీటాలు తీసేస్తే వాళ్ళమ్మలు కూడా గుర్తుపట్టలేరు" అనేది. "రాక్షసుడు చచ్చిపోతే ఊరంతా పండగ చేసుకుంటారు. వాడికీ అమ్మ ఉంటుందిగా, ఆవిడ ఏడుస్తున్నట్టు ఒక్క బొమ్మ వెయ్యకూడదా?" అనేది. బడి వదలగానే నేరుగా మండీకి వచ్చి, కాయల రాశి పక్కన గోనెపట్టా మీద కూర్చుని చెప్పేది. కథ చెప్పేవాళ్ళకి వినేవాళ్ళు ఊఁ కొట్టాలి కదా, ప్రభాకరరావు కొట్టేవాడు. కాటా చూస్తూ ఊఁ, కూలీల మీద కేకలేస్తూ ఊఁ. నోరు ఇక్కడ ఊఁ అనేది, మనసు లారీలో ఉండేది. పిల్ల చెప్పినదాంట్లో చెవిన పడ్డది ఏ కాస్తో. ఆ కాస్తతోనే ఇప్పుడు బతుకుతున్నాడు పాపం.

ఆ సీరియల్లో ఒక పడవవాడున్నాడు. ముసుగు తియ్యడు, మొహం చూపించడు. రాకుమారి నీలవేణిని దీవి నుంచి దీవికి దాటిస్తాడు. ఆమె ఎన్ని కబుర్లు చెప్పినా, ఎంత ఏడ్చినా, బొమ్మలో అతని నోటి దగ్గర ఒక్కటే మాట రాసి ఉంటుంది: ఊఁ. ఎన్ని వంకలు పెట్టినా ప్రభాకరరావుకి ఆ పడవ భాగాలు మాత్రం నచ్చాయి. అక్కడ ఎవరూ ఎవర్నీ చంపరు. పడవవాడెవరో చివర్లో తెలుస్తుందని రచయిత మొదట్లోనే ఊరించాడు. కల్యాణి ముందే కనిపెట్టేసింది. కనిపెట్టి, నాన్నకి చెప్పింది కూడా. ఏం చెప్పిందో నాన్నకి తెలీదు.

కిందటేడు ఎండాకాలం సెలవుల్లో సంగతి. మండీ కిటకిటలాడుతోంది. చాట్రాయి నుంచి పెద్దిరాజు అనే రైతు చిన్నరసాలు తెచ్చాడు. ఆ మండీలో బేరం నోటితో చెయ్యరు. తుండుగుడ్డ కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. నోటితో అనేది చివర్లో ఒక్క ఊఁ. అది అన్నాక ఇంక తిరుగులేదు. పెద్దిరాజు గొంతెమ్మ కోరికలాంటి ధర ఒకటి నొక్కి, వేళ్ళు వదలకుండా పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే కల్యాణి పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, పడవవాడెవరో తెలిసిపోయింది!" అంటూ చెవి దగ్గర గబగబా ఏదో చెప్పి, "అంతే కదా నాన్నా?" అంది.

"ఊఁ" అనేశాడు, అలవాటు చొప్పున.

"షావుకారుగారు ఊఁ అన్నారండోయ్! అందరూ విన్నారుగా!" అని పెద్దిరాజు తుండు లాగేశాడు. మండీ అంతా గొల్లున నవ్వింది. "అది నీక్కాదయ్యా, పిల్లకి" అంటే ఎవరు వింటారు? ఆ కాయ తీసుకోక తప్పలేదు. నలుగురిలో నవ్వులపాలైన కోపమంతా పిల్ల మీద చూపించాడు. "ఇంకోసారి మండీ గుమ్మం తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతా. నీ కథలు ఇంట్లో చెప్పుకో, పో!"

పిల్ల వెళ్ళిపోయింది. మళ్ళీ మండీకి రాలేదు. సీజను హడావుడి తగ్గాక తనే పిలుద్దామనుకున్నాడు. సీజను అయ్యింది, వానలొచ్చాయి, జ్వరమొచ్చింది.

ఇప్పుడు అతనికి కావలసింది ఒక్కటే. ఆ వేళ చెవిలో పిల్ల ఏం చెప్పింది? కల్యాణి స్నేహితురాలు రాజ్యలక్ష్మిని అడిగి చూశాడు. "నాకు చెప్పలేదండీ. చివర్లో నీకే తెలుస్తుందిలే అంది" అని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. భార్య అన్నపూర్ణని అడగొచ్చు. తల్లికి చెప్పకుండా ఉంటుందా? కానీ అడగాలంటే, నాకు చెప్పింది గానీ నేను వినలేదని ముందు ఒప్పుకోవాలి. ఆ మాట అనడానికి అతనికి నోరు రాలేదు. పైగా కల్యాణి పేరెత్తితే చాలు, అన్నపూర్ణ లేచి అవతలికి వెళ్ళిపోతుంది. అందుకని చివరి భాగం కోసం కాచుకుని కూర్చున్నాడు. పిల్ల తెలివైంది, దాని ఊహ తప్పు కాదు. పడవవాడి పేరు పుస్తకంలో చూస్తే, పిల్ల ఏమందో తనకి తెలిసిపోతుంది. అదీ అతని ఆశ.

మళ్ళీ రసాల రోజులొచ్చాయి. చివరి భాగమూ వచ్చింది. మండీ బసవపున్నారావుకి వదిలేసి, పుస్తకం చంకలో పెట్టుకుని మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. అన్నపూర్ణ వంటింటి గడప దగ్గర పీట వేసుకుని, ఆవకాయ ముక్కల్లో జీడి తీసి గుడ్డతో తుడుస్తోంది. ప్రభాకరరావు నడవలో కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ పైకే చదువుతాడు. ఎవరి కోసమని ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు. ఊఁ కొట్టేవాళ్ళు లేని ఇంట్లో తన గొంతు తనకే వింతగా వినపడేది.

నీలవేణి చివరి ఒడ్డు చేరింది. పడవవాడు ముసుగు తీశాడు. తీరా చూస్తే అతను గంధర్వ రాకుమారుడు. శాపం తీరింది, తలమీద కిరీటం వచ్చింది. కింద అరపేజీ పెళ్ళిబొమ్మ. అన్ని రాకుమారుల మొహం లాంటిదే ఆ మొహమూ.

ప్రభాకరరావు ఆ బొమ్మకేసి చూస్తూ ఉండిపోయాడు. ఈ మొహం కోసం కల్యాణి మండుటెండలో మండీ దాకా పరుగెత్తుకు రాదు. అది వేరే ఎవరి పేరో చెప్పింది. ఇంక అడగడానికి పుస్తకం కూడా లేదు.

"తప్పు రాశాడు వీడు" అన్నాడు పైకే. చూపు పుస్తకం మీంచి ఎత్తకుండానే, "మన పిల్ల ఇలా అనలేదు కదూ?" అన్నాడు.

అన్నపూర్ణ చెయ్యి ఆగింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు. వెళ్ళలేదు.

"లేదండీ" అంది. "పడవవాడు రాకుమారి వాళ్ళ నాన్నేనంది. నాన్నయితే కూతురితో ఒక్క మాటన్నా మాట్లాడడేమే అన్నాను నేను. ‘పనిలో ఉన్నారు కదమ్మా, చెయ్యి తెడ్డు మీంచి తియ్యకూడదుగా. కానీ అన్నీ వింటారు. వినకపోతే ఊఁ ఎలా అంటారు? మన నాన్న లేరూ?’ అంది."

నడవలోకి మాగేసిన పండ్ల వాసన వస్తోంది. ప్రభాకరరావు పుస్తకం మూసి పక్కన పెట్టాడు. "తిట్టానే దాన్ని, ఆ రోజు" అన్నాడు.

"చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. ‘నాన్న బేరంలో ఉండి కూడా నా మాటకే ఊఁ అన్నారమ్మా, పెద్దిరాజుకి కాదు’ అని ఆ రోజంతా అదే సంబరం." అన్నపూర్ణ ముంజేత్తో కళ్ళు ఒత్తుకుని, మొగుడి మొహంలోకి చూసింది. "నా బిడ్డ ఆ మాటన్నా మీకు చెప్పుకుని పోయిందని ఓదార్చుకుంటున్నానండీ. మీరు విన్నారుగా?"

ప్రభాకరరావు ఊఁ అనబోయాడు. జన్మలో ఎన్ని వేలసార్లు అన్నాడో, ఆ ఒక్క అక్షరం గొంతు దాటి రాలేదు. అన్నపూర్ణ దాని కోసం చూస్తూనే ఉంది.