రత్నమాల గారి మాత్రలు

నేను ఒక రక్తపోటు మిషనుని. అంబాలాలో గాజు గొట్టం, పాదరసం, ఇనప పెట్టె కలిపి నన్ను తయారుచేశారు. మొదట అనకాపల్లిలో పెద్ద డాక్టరు గారి బల్ల మీద ఉండేదాన్ని. ఇప్పుడు ఆయన కూతురు డాక్టరు శారదాంబ గారి బల్ల మీద ఉన్నాను. అంకెలు చూపే కొత్త మిషన్లు వచ్చినా ఆవిడ నన్ను తీసెయ్యలేదు.

పెద్దవాళ్లు నా దగ్గరికి రావడం చిత్రంగా ఉంటుంది. ముందురోజు ఆవకాయ మానేసి, పరీక్షకి చదువుకున్న పిల్లల్లా వస్తారు. మోకాలి నొప్పి అంటారు. పట్టీ చుట్టి డాక్టరమ్మ మణికట్టు పట్టుకున్నాక గాని అసలు సంగతి బయటపడదు.

రిటైరైన డ్రాయింగు మాస్టారు భుజంగరావు గారు మాత్రం సూటిగా అడిగారు. ఆయన భార్య రత్నమాల గారు మొన్న చలికాలంలో పోయారు. సింహాచలం మెట్లెక్కుతానని ఆవిడ మొక్కుకున్న మొక్కు తీరకుండా మిగిలింది.

"ఆవిడ తరఫున నేనెక్కుతాను. ఎక్కొచ్చో లేదో చూసి చెప్పండమ్మా."

చూస్తే నా పాదరసం ఆయనకి ఎప్పుడూ ఆగే చోటు దాటి చాలా కిందికి జారిపోయింది. నాకే భయమేసింది. డాక్టరమ్మ ఆయన్ని నిలబెట్టి మళ్లీ చూశారు. ఆయన బల్ల అంచు పట్టుకున్నారు.

"కళ్లు తిరుగుతున్నాయా మాస్టారూ?"

"కాస్త. పొద్దున పెరట్లో పడ్డాను లెండి."

"ఏం మందులు వాడుతున్నారు?"

"మీరు రాసినవే. వాటితోపాటు మా ఆవిడవి."

"ఆవిడవా?"

"కొన్ని అట్టలు మిగిలాయి. అవీ బి.పి. మాత్రలే కదమ్మా. పారెయ్యడానికి చెయ్యి రాలేదు."

డాక్టరమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. "ఆవిడుంటే మీకు చీవాట్లు పడేవి."

"ఉంటే అవి మిగిలేవే కావు."

ఆయన జేబులోంచి అట్టలు తీసి బల్ల మీద పెట్టి, వాటి మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. బయట జనం దగ్గుతున్నారు. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. కాసేపటికి ఆయనే చెయ్యి తీసేశారు.

ఆ తర్వాత తన మాత్రలు మాత్రమే వేసుకుంటూ వారం వారం వచ్చారు. వేసుకోవడం కన్నా మానడానికే ఎక్కువ పట్టుదల కావాలని నాకప్పుడు తెలిసింది. నెల తిరిగేసరికి పాదరసం పాత చోటికి చేరింది. నిలబెట్టి చూసినా దిగలేదు.

"ఎక్కండి. మధ్యమధ్య కూర్చోవాలి సుమండీ."

"కూర్చుంటాను. ఆవిడైనా కూర్చుంటూనే ఎక్కేది."

చేతి నుంచి విప్పిన పట్టీలో మిగిలిన గాలి నేను మెల్లగా వదిలేలోపే, ఆయన గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నారు.