అల్లుడుగారి జ్వరం

మా పొట్టేలును అందరూ అల్లుడుగారు అనేవాళ్లు. దాణా ముందు దానికే, నీడ దానికే. మా అమ్మాయి దాని మెడ నిమురుతూ, "నాకు మొగుడు దొరక్కపోయినా నీకు అల్లుడు దొరికాడులేవే అమ్మా" అని నవ్వేది. నవ్వితే దగ్గు వచ్చేది. నూలు మిల్లులో తొమ్మిదేళ్లు పీల్చిన దూది ఇంకా అమ్మాయి ఛాతీలోనే ఉంది. మిల్లు మానేసి ముప్పై గొర్రెలతో బతుకుదామని వచ్చింది. ఈసారి పిల్లలు పడితే మంద నిలుస్తుంది, లేదంటే మళ్లీ మిల్లే. నిద్రలేస్తే నాకు అదే గుబులు.

మాకో పద్ధతి ఉంది. పొట్టేలు రొమ్ముకు ఎర్రరంగు పూస్తాం. అది ఎక్కిన గొర్రె నడుం మీద ఎర్రమచ్చ పడుతుంది. పదిహేడు రోజులయ్యాక నీలం పూస్తాం. చూలు నిలిచిన గొర్రె మళ్లీ పొట్టేలును దగ్గరకు రానివ్వదు గనక, నీలం పడకపోతే నిలిచినట్టే.

ముప్పైకి ముప్పై ఎర్రబడ్డాయి.

"అల్లుడా మజాకా!" అంది అమ్మాయి.

"గట్టిగా అనకే, దిష్టి తగులుతుంది."

తర్వాత నీలం మొదలైంది. తొలిరోజు రెండు, మర్నాడు ఇంకో మూడు. నీలం పూసిన పదిహేడో రోజుకి ఆ మచ్చ పడని గొర్రె దొడ్డిలో ఒక్కటీ లేదు. అమ్మాయి చేతులూ నీలమే.

పశువుల డాక్టరమ్మ వచ్చి పొట్టేలు కంటిరెప్ప తిప్పి చూసింది. పాలిపోయి ఉంది. బీజాలు పట్టి చూసి, "మెత్తబడిపోయాయి" అంది. మా అరుగు మీదే సూక్ష్మదర్శిని పెట్టి, ముందు వీర్యం చూసింది, తర్వాత చెవి నుంచి తీసిన రక్తపు చుక్క చూసింది.

"జ్వరం వచ్చిందా దీనికి?"

"రెండు నెలల కింద మూడు రోజులు మేత ముట్టలేదు. వచ్చి పోయింది" అంది అమ్మాయి.

"పోలేదమ్మా. రక్తంలో పురుగు ఉంది. ఒళ్లు కాగి కాగి బీజాలు చెడ్డాయి. ఎక్కే సత్తువ ఉంది గానీ విత్తనం చచ్చింది. కొత్త గొర్రెనేమైనా తెచ్చారా?"

"ఒక ముసలిదాన్ని తెచ్చాం. వచ్చిన వారానికే చచ్చిపోయింది."

"దాని రక్తంలోంచి జోరీగలు మోసుండొచ్చు. లేదా సూది. సూదులు ఎవరు వేస్తారు?"

"మా అమ్మే. చేతి శుభ్రం చూడాలి మీరు! మరిగించందే సూది ముట్టదు."

నిజమే, మరిగించాను. పొద్దున ఒక్కసారి. ఆ రోజు ముసలి గొర్రె వణుకుతుంటే బలం సూది దానికే ముందు వేశాను. వేయగానే అల్లుడుగారికీ ఆ వణుకు పట్టుకుంటుందేమోనని భయమేసింది. పొయ్యి దాకా వెళ్లే ఓపిక కూడా లేకపోయింది. అదే సూదితో దాని తొడలో పొడిచాను.

"ముసలిదానికీ దీనికీ మధ్యలో మరిగించలేదు" అన్నాను. డాక్టరమ్మకు వినపడలేదు. మళ్లీ చెప్పాల్సొచ్చింది.

డాక్టరమ్మ సూక్ష్మదర్శిని పెట్టెలో సర్దింది. "మందేస్తే పురుగు చస్తుంది. బీజాలు కోలుకుంటాయో లేదో ఆర్నెల్లు ఆగితే గానీ చెప్పలేను. మందలో అన్నిటి రక్తం చూసేదాకా ఇంకో పొట్టేలును దించకండి."

"అప్పటికి అదను దాటిపోతుంది కదా" అంది అమ్మాయి. డాక్టరమ్మ తలూపింది.

ఆవిడ వెళ్లాక ఇంట్లో ట్రంకుపెట్టె మూత చప్పుడైంది. అమ్మాయి మిల్లులో ముక్కుకు కట్టుకునే గుడ్డ పట్టుకుని వచ్చింది. దులిపితే దూది లేచింది. దగ్గుతూ దాన్ని బకెట్లో నానేసింది.

నేను పొయ్యి వెలిగించి గిన్నెతో నీళ్లు పెట్టాను.

"ఎందుకే అమ్మా?"

"ఆ గుడ్డ ఇటివ్వు. మరిగిస్తాను."

అది గుడ్డ ఇవ్వలేదు. చన్నీళ్లలోనే పిండి దండెం మీద ఆరేసింది.