ప్రభువు పళ్లెం

మా మరదలు ఇంట్లో ఏ పనీ ఊరికే పోనివ్వదు. గచ్చు తుడిస్తే పశ్చాత్తాపం, కూరలో ఉప్పేస్తే మనమంతా లోకానికి ఉప్పు, ఊడిపోయిన గుండీ దొరికితే తప్పిపోయిన గొర్రె. చర్చి సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పేది ఆవిడే గనక, కూతురికి వారమంతా ఆదివారమే.

అన్నిటికన్నా పెద్ద పాఠం భోజనాల బల్ల దగ్గర. నాలుగు కుర్చీలు. మూడింట్లో తమ్ముడు, మరదలు, పాప. నాలుగోది ప్రభువుది. ఆయన కనిపించని అతిథి అని, ఆ కుర్చీ ముందు ఒక పళ్లెం పెడతారు. దాన్ని తోమేది నేను. భర్త పోయాక తమ్ముడి పంచన చేరినదాన్ని. అందరూ తిన్నాక, పొయ్యి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని తింటాను. అన్నం పెడుతున్నారు, కాదనను. కానీ ఎన్నడూ ఎంగిలి పడని ఆ పళ్లెం తోముతుంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

నన్ను పిలిచేది పాప ఒక్కతే. కూర్చోగానే వంటింటి వైపు తిరిగి "అత్తా, నువ్వూ రా" అనేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పిలుపు కోసమే గుమ్మం దగ్గర ఏదో పని కల్పించుకునేదాన్ని.

ఒకరోజు పాప అడగనే అడిగింది, ఆ కుర్చీ ఖాళీయే కదా, అత్త కూర్చోవచ్చుగా అని. తమ్ముడు ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మరదలు కోప్పడలేదు. కోప్పడితే పాఠమెలా అవుతుంది?

"అత్త సేవ చేస్తోంది తల్లీ. సేవ చేసేవాళ్లే ప్రభువుకి దగ్గర."

అంత దగ్గరదాన్ని, ఆయన కుర్చీ దరిదాపులకు మాత్రం పనికిరాలేదు.

ఆ తర్వాత పిలుపులు తగ్గాయి. తర్వాత ఆగిపోయాయి. గుమ్మం దగ్గర నిలబడటం నేనే మానలేకపోయాను.

మొన్న వరండా ఊడుస్తుంటే పాప బొమ్మలకు భోజనం పెడుతోంది. సీసా మూతలే పళ్లేలు. అమ్మ, నాన్న, పాప కూర్చున్నారు. నాలుగో మూత ముందు ఎవరూ లేరు. చెయ్యి ఊడిన పాత బొమ్మ ఒకటి తలుపు వెనక గోడకు ఆనుకుని ఉంది.

"అదెవరే?" అన్నాను.

"నువ్వే అత్తా."

"నాకు ఆకలెయ్యదూ?"

అచ్చం వాళ్లమ్మలాగే నెమ్మదిగా చెప్పింది. "వేస్తుంది. అందరూ తిన్నాక పెడతా. నువ్వు సేవ చేస్తున్నావుగా."

ముద్దుగానే చెప్పింది పిచ్చితల్లి. ఏ పాఠం వచ్చినా రాకపోయినా, ఇదొక్కటీ వంటబట్టింది.

ఆ పూట అందరూ లేచాక ప్రభువు పళ్లెం వంటింట్లోకి తెచ్చుకుని, అందులోనే తిన్నాను. తిని, తోమి, మళ్లీ బల్ల మీద పెట్టాను. మర్నాడు మరదలు దాన్ని చూసి, అద్దంలా తోమావు వదినా అని మెచ్చుకుంది.