పొగగొట్టంలో నాన్న

పొద్దున్నే ఇస్త్రీ చేసిన ఆసుపత్రి దుప్పట్లను మూటలు కట్టి వ్యాన్‌లో సర్దాక కూతురు డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పేది. తల్లి వెనక తలుపు తీసుకుని మూటల మధ్య ఒదిగి కూర్చునేది. డ్రైవరు పక్కన ముందు సీట్లో ఎవరూ కూర్చునేవారు కాదు. ఇంజన్ రెండుసార్లు దగ్గి అందుకునేది. ఆ వెంటనే వెనక పొగగొట్టంలోంచి నల్లటి పొగ, పొగతో పాటు తండ్రి గొంతు బయటికొచ్చేవి.

"క్లచ్ మీద కాలు మెల్లగా తియ్యి! ఎన్నిసార్లు చెప్పాలే నీకు? బండి నడుపుతున్నావా, పొలం దున్నుతున్నావా?"

"సరే నాన్నా," అనేది కూతురు.

ఆయన పోయి రెండేళ్ళు దాటింది. బతికినన్నాళ్ళూ ఆ వ్యాన్‌లోనే తిరిగాడు, తిరిగినంతసేపూ ఎవరో ఒకరిని తిడుతూనే ఉన్నాడు. మనిషి పోయాడు గానీ నోరు బండిలోనే ఉండిపోయింది. వీధిలో ఎవరూ దాన్నో పెద్ద విషయంగా చెప్పుకోలేదు. ఎదురింటావిడ మాత్రం, "మీ నాన్నగారు మాట్లాడితే మాట్లాడనీ, నాకేం అభ్యంతరం లేదు. కానీ మేం బట్టలారేసిన వైపు తిప్పి పెట్టకమ్మా బండిని," అనేది. ఆవిడ బాధ ఆవిడది. చిన్న విసుగైతే పొగ బూడిదరంగులో వచ్చేది. కోపం ముదిరితే వెనక వచ్చేవాళ్ళకు దారి కనపడేది కాదు.

ఆ ఇంట్లో ఆయనకు ఎదురు చెప్పడమన్నది లేదు. ఆయన అరుస్తాడు, మిగతావాళ్ళు తల దించుకుని సరే అంటారు. తల్లి కాపురానికి వచ్చిన రోజు నుంచి అంటూనే ఉంది. కూతురు మాటలు నేర్చినప్పటి నుంచి అంటోంది. ముందు సీటు ఆయన తువ్వాలుకీ గొడుగుకీ. భార్య అక్కడ కూర్చుంటే బండి ఒక పక్కకి లాగుతుందట! గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేటంత మనిషి ఆవిడ. అదేం బరువో, అదేం లాగుడో ఆయనకే తెలియాలి. ఆయన పోయిన కొత్తలో ఒకసారి ధైర్యం చేసి ముందు కూర్చుంది. పట్టపగలు వీధంతా చీకటి చేసేశాడు. ఆవిడే దిగి, తువ్వాలు మడత సరిచేసి మరీ, వెనక్కి వెళ్ళి మూటల మధ్య కూర్చుంది. చూసినవాళ్ళకే ఒళ్ళు మండింది.

ఇలాగే ఇంకెన్నాళ్ళు నడిచేదో గానీ, ఆసుపత్రి సూపర్‌వైజర్ ఒకరోజు గేటు దగ్గర వ్యాన్‌ను ఆపాడు.

"వచ్చే నెల నుంచి పొల్యూషన్ సర్టిఫికెట్ లేని బండిని లోపలికి రానివ్వద్దన్నారమ్మా. మీది పాత బండి కదా, ముందే చూసుకోండి."

వాళ్ళకు మిగిలిన పని ఆ ఆసుపత్రి దుప్పట్లు ఒక్కటే. తండ్రి పోయాక కూతురు కాళ్ళరిగేలా తిరిగి తెచ్చుకున్న పని. బండి గేటు దాటకపోతే ఉతికే మెషిన్లు మూలన పడతాయి, వాటి వెనకే వీళ్ళిద్దరూ. మరో బండి కొనే స్తోమత లేదు.

పొల్యూషన్ టెస్టు సెంటర్లో పనిచేసే మనిషి ఎవరి మొహం వంకా చూడడు, మీటర్ వంకే చూస్తాడు. పొగగొట్టంలో రాడ్డు దూర్చి, "యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి," అన్నాడు. కూతురు తొక్కింది.

"ఎవడ్రా వాడు, నా బండిలో గొట్టం పెట్టేది? చెయ్యి తియ్యి!"

తెర మీద అంకె గబగబా పైకెక్కింది.

"మాటతో మాకు సంబంధం లేదండీ," అన్నాడతను. "మేం పొగ చూస్తాం, అంతే. పొగ ఎక్కువుంది. ఫెయిల్."

అక్కణ్ణించి మెకానిక్ దగ్గరికి. అతను ఎయిర్ ఫిల్టర్ మార్చాడు, నాజిళ్ళు శుభ్రం చేశాడు, ఇంజన్ దింపి రింగులు కొత్తవి వేశాడు. అంతా బిగించి స్టార్ట్ చేయగానే నల్లగా ఒక మేఘం లేచింది. "నీ మొహానికి స్పానర్ పట్టుకోవడం వచ్చట్రా? ఆ నట్టు అలాగేనా బిగించేది?"

మెకానిక్ స్పానర్‌ను నేలకేసి కొట్టాడు. "బతికున్నప్పుడూ ఇదే మాట, ఇప్పుడూ ఇదే మాట! ఇంజన్‌లో ఏమీ లేదక్కా, ఇదంతా మీ నాన్నగారే. ఇక నా వల్ల కాదు, వేరే షెడ్డు చూసుకో."

రెండోసారి టెస్టుకు బయల్దేరే ముందు కూతురు వ్యాన్ వెనక గొంతుక్కూర్చుంది. పొగగొట్టాన్ని తడిగుడ్డతో తుడిచింది. తండ్రికి జ్వరం వచ్చినప్పుడు మాట్లాడినట్టు మెల్లగా మాట్లాడింది.

"నాన్నా, ఒక్క పావుగంట మాట్లాడకు. అంతే నేనడిగేది. నీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆవిడ చేసిన పొరపాటు అదే. ఆయన్ను నోరు మూసుకోమని బతిమాలడమా! టెస్టు సెంటర్ దాకా ఉగ్గబట్టుకుని, రాడ్డు పెట్టగానే విరుచుకుపడ్డాడు. "నన్ను మాట్లాడొద్దంటావా? నన్ను?" మీటర్ వంక తప్ప చూడని మనిషి కూడా కళ్ళు నులుముకున్నాడు. రాడ్డు తుడుచుకుంటూ, "ఈ నెలాఖరులోగా పాస్ కాకపోతే బండిని తుక్కుకి వేసుకోవడమేనండీ," అన్నాడు. అదేదో వాన పడేలా ఉందన్నట్టు చెప్పాడు. వాడి ఇల్లు గడిచేది ఆ బండి మీద కాదుగా.

నెలాఖరు రోజున తల్లి కూడా వస్తానంది. మూటలు లేవు, వ్యాన్ అంతా ఖాళీ. అయినా అలవాటుగా వెనకే ఎక్కి, కింద ఇనుప రేకు మీద కూర్చుంది. దారి పొడుగునా పెదాలు కదుపుతూనే ఉంది. దేవుడికి మొక్కుకుంటోంది కాబోలనుకుంది కూతురు.

వరసలో నిలబడ్డప్పుడే తండ్రి మొదలుపెట్టాడు. ముందున్న కారును తిట్టాడు, వెనకున్న లారీని తిట్టాడు, ఎండను తిట్టాడు. జనం అద్దాలు ఎత్తుకున్నారు. వీళ్ళ వంతు వచ్చింది. రాడ్డు లోపలికి వెళ్ళింది.

"నేనుండగా ఈ బండి ఏనాడైనా ఫెయిలైందా? దీని చేతికొచ్చాకే ఈ గతి పట్టింది. చేతకానిదానా! సిగ్గుందా నీకు?"

"పెద్దాయన చెప్పేదీ నిజమే," అన్నాడు వెనక లారీ దిగిన డ్రైవరు. "బండి ఎలా ఉంటుందన్నది నడిపే చేతిని బట్టి ఉంటుంది."

కూతురు నోట్లో "సరే" సిద్ధంగానే ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఈసారి మాత్రం అది గొంతులో అడ్డం తిరిగింది.

"ఏనాడైనా ఈ బండిని టెస్టుకు తెచ్చావా నువ్వు?" అంది. ముందు మామూలుగానే అంది. తరవాత ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవిడకే తెలియలేదు. "ప్రతి ఏడూ పక్కవీధి కూరగాయలాయన కొత్త వ్యాన్‌కి మన నంబరు ప్లేటు తగిలించి తెచ్చేవాడివి! ఆ స్క్రూలు బిగించింది నేను! అప్పుడు పనికొచ్చాయా నా చేతులు? నేను ఈ బండినే తెచ్చాను, ఈ ముసలి బండినే, మూడుసార్లు!"

టెస్టు చేసే మనిషికి ఉన్నట్టుండి తెర మీద చాలా ముఖ్యమైనదేదో కనిపించింది. తల మరింత వంచి చూడసాగాడు.

"ఏమే, నాకే ఎదురు..."

"నీకే! ఇంకెవరికి చెప్పను?" ఆవిడ యాక్సిలరేటర్ అడుగంటా తొక్కింది. ఇంజన్ గట్టిగా అరిచింది, దాని మీద ఆవిడ అరిచింది. "హోటళ్ళ పని పోగొట్టింది నీ నోరు. ఆసుపత్రి పని తెచ్చింది నేను. దాన్నీ పోగొడదామని చూస్తున్నావు. చివరి రోజున కూడా మంచినీళ్ళు వేడిగా ఉన్నాయని నా మీద అరుస్తూనే పోయావు. పోయినవాడివి పోకుండా, మర్నాడు తాళం తిప్పగానే మళ్ళీ తగులుకున్నావు! రెండేళ్ళుగా నీ కోసం ఏడుద్దామని చూస్తున్నాను నాన్నా. ఎలా ఏడవను? నువ్వు పోతేగా!"

పొగ బూడిదరంగుకు దిగింది.

"అది కాదే..." అంది గొంతు.

"ఏది కాదు? చెప్పు. ఏది కాదు?"

బతుకంతా ఆయన అడగడమే తప్ప ఆయన్ను తిరిగి అడిగినవాళ్ళు లేరు. పొగ పల్చబడింది, తెల్లబడింది. చివరికి గొట్టం చివర వేడిగాలి మాత్రం కదులుతూ కనిపించింది. తెర మీద అంకె దిగి దిగి ఒకచోట ఆగింది.

"పాస్," అన్నాడు టెస్టు చేసే మనిషి. సర్టిఫికెట్ కిటికీలోంచి అందిస్తూ, తల ఎత్తకుండానే, "వచ్చే ఏడు కూడా ఈ బండినే తీసుకురండి," అన్నాడు.

కూతురు ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చి ఏడ్చింది. రెండేళ్ళ కిందట ఏడవాల్సిన ఏడుపు అది. ఏడ్చి, మొహం తుడుచుకుని మళ్ళీ తాళం తిప్పింది. దగ్గు లేదు, పొగ లేదు. క్లచ్ గురించి ఎవరూ ఏమీ అనలేదు.

వెనక తలుపు చప్పుడైంది. తల్లి దిగింది. దిగి, పొగగొట్టం దగ్గర చతికిలబడి వేళ్ళతో తట్టింది.

"ఏమండీ."

ఇంజన్ మెత్తగా ఆడుతోంది.

"ఏమండీ, మిమ్మల్నే."

కూతురు దిగి వచ్చేసరికి తల్లి లేచి నిలబడి ఉంది. ఆ మొహంలో కోపాన్ని కూతురు చూడటం, పుట్టాక అదే మొదటిసారి.

"అన్నీ నువ్వే అనేశావా?" అంది తల్లి. "నీవి నీ చిన్నప్పటి నుంచీ. నావి నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్నాయే! ఒక్కటైనా నాకు మిగల్చక్కర్లేదా? ఇవాళ అడుగుదామనే వచ్చాను. ఏది ముందు అడగాలో, ఏది తరవాతో, దారి పొడుగునా వరస పెట్టుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఎవర్ని అడగను నేను?"

"తప్పేనమ్మా," అంది కూతురు.

"తప్పే!"

వెనక లారీ డ్రైవరు బండి తియ్యమని హారన్ కొట్టాడు. తల్లి అటు తిరిగి చూసింది. చూసి, నేరుగా వెళ్ళి వ్యాన్ ముందు తలుపు తెరిచింది. తువ్వాలునీ గొడుగునీ తీసి వెనక్కి విసిరేసి, సీట్లో కూర్చుంది. కొత్త కోడలుగా వచ్చినప్పుడు ఒకసారి సరదా పడి హారన్ ముట్టుకుంటే ఆయన చేతి మీద చెళ్ళున కొట్టాడు. ఆ తరవాత ఎప్పుడూ ముట్టుకోలేదు. ఇప్పుడు పక్కకి వంగి రెండు చేతులతో దాన్ని నొక్కింది. నొక్కి పట్టుకుంది.

వరసలో వాళ్ళంతా బండ్లు దిగి చూశారు. లారీ డ్రైవరు చెవులు మూసుకున్నాడు. టెస్టు చేసే మనిషి మొదటిసారి తల ఎత్తాడు. కూతురు తన సీట్లోకి ఎక్కి, అలవాటు కొద్దీ వెనక నుంచి వచ్చే అరుపు కోసం ఒక్క క్షణం ఆగింది. ఏమీ రాలేదు. పక్కన తల్లి చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, హారన్ మాత్రం ఆగలేదు.

"పోనీవే," అంది తల్లి, చేతులు తియ్యకుండానే.

కూతురు తనకు నచ్చినట్టుగా క్లచ్ వదిలి, బండిని ఆసుపత్రి దారి పట్టించింది.