కసవుకు సాక్ష్యం

నిఘంటువు కార్యాలయంలో ఒక నియమం ఉంది. ఏ మాటకు ఏ అర్థం రాసినా అచ్చులో సాక్ష్యం చూపాలి. అచ్చుకెక్కని మాట ఎంతమంది నోళ్లలో నానినా అక్కడ పుట్టనట్టే లెక్క.

చీటీలు రాసే ఆవిడకు ఆ ఏడు 'క' వాటా వచ్చింది. పంతొమ్మిదేళ్లుగా అదే కుర్చీ, అవే చెక్క సొరుగులు. 'కసవు' దగ్గర పని ఆగిపోయింది. పాత పుస్తకాలన్నీ గడ్డి అంటాయి. ఇళ్లలో కసవంటే ఊడ్చిపారేసే చెత్త. పచ్చటి మేత చీపురు కిందికి ఎలా వచ్చిందో ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఆవిడ పిన్ని చెప్పింది. నలభై ఏళ్లు పాలవాళ్ల కొట్టాలకు గడ్డి కోసి మోసిన మనిషి.

"దీనికింత బుర్ర బద్దలు కొట్టుకోవాలటే? కోసుకొచ్చి వేసేదీ కసవే, గేదె మూతి పెట్టి, తొక్కి వదిలేసిందీ కసవే. పొద్దున్నే ఊడ్చేది దాన్నేగా! కొట్టంలో మాట చీపురుతో పాటు ఇంట్లోకొచ్చింది."

ఆవిడ చీటీ రాసి, సాక్ష్యం అన్నచోట పిన్ని పేరు పెట్టింది. "నీ పేరు పుస్తకంలోకెక్కుతుంది పిన్నీ" అని నోరు కూడా జారింది. పిన్ని ఆ సంగతి వీధంతా చెప్పుకుంది.

సంపాదకుడు చీటీ చూసి నవ్వాడు. "గడ్డి కోసేవాళ్లను సాక్ష్యానికి పిలిస్తే రేపు గేదెను కూడా పిలవాలమ్మా" అని అడ్డంగా కొట్టేశాడు.

మూడు నెలలకు ఒక పత్రికలో వ్యాసం వచ్చింది. అందులో కొట్టం, గేదె, చీపురు అన్నీ ఉన్నాయి. పిన్ని మాత్రం లేదు. కింద నిఘంటువు సంపాదకుడి పేరు, బిరుదులతో సహా.

"ఇప్పుడు అచ్చులో ఉందిగా, నిక్షేపంగా చీటీ రాసుకోమ్మా" అన్నాడాయన.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. మండి ఏం లాభం? ఏటేటా ఆ ఉద్యోగం పొడిగించేది ఆయన సంతకమే. సాక్ష్యం అన్నచోట ఆయన పేరు గుండ్రంగా రాసింది. మన వేలితో మన కన్నే పొడవడమంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

నిఘంటువు అచ్చయి, పుస్తకం ఇంటికి తెచ్చిన రోజు పిన్ని చేతులు శుభ్రంగా కడుక్కుని కూర్చుంది.

"ఏదీ, నా పేరు చూపించు."

ఆవిడ సంపాదకుడి పేరు మీద వేలు పెట్టింది.

పిన్నికి చదువు రాదు. తన పేరు మూడక్షరాలని మాత్రం తెలుసు. "ఇదేమిటే, ఇంత పొడుగుంది?"

"ముందు గౌరవంగా ఏవో చేర్చారు పిన్నీ."

పిన్ని ఆ వరుసంతా వేలితో మెల్లగా తడిమింది.

"పాపం, మర్యాద తెలిసినవాళ్లే మీవాళ్లు. అడిగానని చెప్పు."