రికార్డు తుడిచిన మధ్యాహ్నం

"ప్రసన్నా, ఆ చిన్న రికార్డు బాగ తుడువు. నాలుగింటికి యేసుప్రసాద్ వస్తాండాడు. చిటపట ఇంత కూడా రాకూడదు" అని చెప్పి మా ఆయన జయపాల్ మంచం మీద నడుం వాల్చారు. భోజనాల గిన్నెలు అప్పుడే కడిగి చేతులు తుడుచుకున్నాను. మళ్ళీ నీళ్ళ దగ్గరికే వెళ్ళాను.

ఆయన దగ్గర మూడు వందల పైచిలుకు రికార్డులున్నాయి. కాలేజీలో లెక్చరర్‌గా చేరినప్పటి నుంచీ కొన్నవి. వినడం ఆయన పని, తుడవడం నాది. ఎవరూ పంచలేదు, అలా జరిగిపోయింది. కర్నూలు ఎండకు గాలిలో తడన్నదే ఉండదు. కవర్లోంచి రికార్డు లాగితే చాలు, చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడతాయి, గదిలోని దుమ్మంతా వచ్చి దాని మీదే వాలుతుంది. ఆ దుమ్ము మీద ప్లేయర్ ముల్లు నడిస్తే ఆవాలు చిట్లినట్టు చప్పుడు. "నేను పాట వినాల్నా, నీ తిరగమాత వినాల్నా?" అనేవారు, దుమ్ము కూడా నేనే వండినట్టు.

బోరు నీళ్ళు పనికిరావు, ఆరాక తెల్లటి పొర మిగులుతుంది. ఇన్వర్టరుకు పోసే డిస్టిల్డ్ వాటరులో ఒక్క చుక్క సబ్బు కలపాలి. మెత్తటి పాత పంచె గుడ్డ ముంచి, మధ్యలో పేర్లున్న కాగితం తడవకుండా, గీతల వెంబడే గుండ్రంగా తుడవాలి. సబ్బు పోయేదాకా మళ్ళీ ఉత్త డిస్టిల్డ్ వాటరుతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. ఇదంతా నాకెవరూ నేర్పలేదు. రెండు రికార్డులు పాడుచేసి, రెండుసార్లు మాటలు పడి నేర్చుకున్నాను.

ఆ రోజు చేతికిచ్చింది మాత్రం ఆయన కొన్నది కాదు. నా పెళ్ళిపెట్టెలో వచ్చింది. కోయిలకుంట్ల దగ్గర మా ఊరి చర్చి గాయక బృందం 1979లో మద్రాసులో ఇచ్చిన రికార్డు. నాలుగు పాటలు. మూడో పాటలో రెండో చరణం నేనొక్కదాన్నే పాడాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు.

పాట నేర్పిన దావీదురాజు సారు పదకొండు మంది ఆడపిల్లల్ని రైలెక్కించి తీసుకుపోయారు. చద్దన్నం మూటలు, ఒకరి జడలో పూలు ఇంకొకరికి, దారి పొడుగునా పాటలే. స్టూడియోలో గోడలకు కూడా మందపాటి తెరలు కట్టి ఉన్నాయి. చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు. చెమట మెడ మీద నుంచి కారుతుంటే తుడుచుకోకుండా నిలబడ్డాం. మూడో పాట రాగానే సారు చెయ్యెత్తి, "మీరంతా ఒకడుగు ఎనక్కి పోండమ్మా. ప్రసన్నా, నువ్వు ముందరికి రా" అన్నారు. ఆ తర్వాత ఈ నలభై ఆరేళ్ళలో ఆ మాట నాతో అన్న మనిషి లేడు.

మరుసటేడే పెళ్ళి. మా మామ నెహెమ్యా చర్చిలో పెద్ద. నేను వచ్చిన మొదటి ఆదివారమే, "పాడింది చాల్లేమ్మా. మన ఇంటి కోడలు మైకు ముందర నిలబడేది లేదు" అన్నాడు. మా ఆయన ఏమన్నా అంటారేమోనని చూశాను. ఆయన బైబిలు మూసి చెప్పులు వేసుకున్నారు. తర్వాతెప్పుడో రికార్డుతో పాటు నేనూ కూనిరాగం తీస్తుంటే, "పాట విననియ్యి" అన్నారు. కోపంగా కూడా కాదు. ఫ్యాను కొంచెం తగ్గించమన్నట్టు అన్నారు. అప్పటి నుంచి వంటింట్లో కూడా నోరు కదపలేదు. అలవాటైతే అదీ బాధ అనిపించదు.

రికార్డు ఆరాక ప్లేయర్ మీద పెట్టాను. ఆయన నిద్రపోతున్నారు. చిటపటలు దాదాపు లేవు. రెండో వైపు తిప్పితే మూడో పాట వచ్చింది. చరణానికి ముందు చిన్న నిశ్శబ్దం, అందులో ఒక ఊపిరి. పాడబోయే పిల్ల గుండె నిండా పీల్చుకున్న ఊపిరి. ఇన్నేళ్ళూ చప్పుడు కింద పడి నాకే వినపడనిది. ఆ వెనకే గొంతు. ఎవరికీ జడవని గొంతు.

నాలుగింటికి చర్చి సెక్రటరీ యేసుప్రసాద్ వచ్చాడు. కర్నూలు చర్చి నూరేళ్ళ పండగకు చుట్టుపక్కల చర్చిల పాత పాటల్ని కంప్యూటర్లోకి ఎక్కించి, పుస్తకం కూడా వేస్తారట.

"నలభై ఐదేండ్లు గీత పడకుండా కాపాడినానప్పా" అన్నారు మా ఆయన.

విన్నాక యేసుప్రసాద్, "శానా బాగుండాది సార్. ఈ చరణం ఎవరు పాడినారు? పుస్తకంలో పేరెయ్యాల. కవరు మీద పెద్దోళ్ళ పేర్లే ఉండాయి" అన్నాడు.

"అప్పటి ఆడపిల్లలెవరో. ఇప్పుడెవరికి తెలుస్తాది!"

ఆయనకు తెలుసు. మరిచిపోయి అన్నారో, తండ్రి మాట ఇంకా చెవిలో ఉండి అన్నారో నాకిప్పటికీ తెలియదు. కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టాను.

"నేను" అన్నాను. "ప్రసన్నకుమారి అని రాయి నాయనా."

యేసుప్రసాద్ లేచి నిలబడ్డాడు. "మీరేనా అమ్మా! ఐతే పండగ దినం మీరే పాడాల. సాయంత్రాలు ప్రాక్టీసు జరుగుతాండాది, రాండి."

"యాడ వస్తాదప్పా! ఆ పూట మన ఇంట్లో ముప్పై మందికి భోజనాలు ఉండాయి" అన్నారు మా ఆయన నవ్వుతూ.

"భోజనాలు హోటల్లో చెప్పండి" అన్నాను. "నేను పోతాండాను."

ఆయన నవ్వు ఆగింది. తర్వాత మెల్లగా, "గొంతు పలుకుతాదా ఇప్పుడు?" అని అడిగారు. ఎగతాళి లేదు అందులో. అందుకే ఆ ప్రశ్న గుచ్చుకుంది.

సోమవారం ఆటోలో చర్చికి వెళ్ళాను. కీబోర్డు ముందు స్తుతి అని ఇరవై ఏళ్ళ అమ్మాయి. చుట్టూ ఆమె ఈడు పిల్లలు. చరణం ఎత్తుకున్నాను. రెండో వరుసకే గొంతు పగిలి, దగ్గు వచ్చింది. ఎవరో నీళ్ళిచ్చారు. ముఖం వేడెక్కింది. ఇంటికి పోదామనిపించింది.

స్తుతి నొచ్చుకుంటూ అడిగింది. "ఆంటీ, మీరు అందరితో కలిసి పల్లవి పాడతారా? చరణం ఇంకెవరికైనా ఇద్దామా?"

నీళ్ళు తాగి గ్లాసు పక్కన పెట్టాను.

"శ్రుతి రెండు మెట్లు తగ్గించమ్మా" అన్నాను. "చరణం నేనే పాడతాను."