పచ్చపురుగు చిరునామా

నరసరావుపేట కోర్టులో ప్లీడరు అనంతపద్మనాభం పేరు చెబితే ఎదుటి పార్టీవాళ్లు ముందే వాయిదా అడిగేవారు. గెలుస్తాడని భయపడి కాదు, వాదన మొదలెట్టాడంటే భోజనానికి కూడా వదలడని. అలాంటి మనిషికి యాభై దాటాక ప్రకృతి మీద మనసు పుట్టింది. క్లబ్బులో డాక్టర్లకీ ఆడిటర్లకీ పొలాలున్నాయి కనక తనకీ ఉండాలని చిలకలూరిపేట వైపు గంజిపాడులో నాలుగెకరాల నల్లరేగడి కొన్నాడు. గేటు మీద 'నందనవనం' అని రాయించాడు. ఊరంతా పత్తి వేస్తోందని పాలేరు వెంకయ్య చేత తనూ పత్తే వేయించాడు గానీ, ఆయన పండించదలచుకున్నది ఫొటోలు.

మద్రాసు బర్మా బజారులో జపాన్ కెమెరా కొన్నాడు. ఆదివారం పొద్దున్నే భార్య కామేశ్వరినీ, ఉప్మా గిన్నెనీ, మూడుకాళ్ల స్టాండునీ కారులో వేసుకుని పొలంలో దిగేవాడు. గేదె ముందు స్టాండు పెడితే అది వెనక్కి తిరిగి నిలబడేది. ముంగిస కోసం ఆయన గట్టు మీద ఎండలో కాపు కాస్తుంటే అది పాక దగ్గర కామేశ్వరికి కనబడేది. "వచ్చి వెళ్లిందండీ, కాసేపు కూర్చుంది కూడా" అనేదావిడ. పాలపిట్టని తీసిన ఫొటోలో కరెంటు తీగ ఒక్కటే స్పష్టంగా పడింది. అయినా క్లబ్బులో అందరూ ఆ తీగని చూసి అద్భుతం అన్నారు. ఆయన చేతిలో కేసులున్నవాళ్లు రెండోసారి కూడా అన్నారు.

ఎనభై ఏడులో పత్తి మంచి పూత మీద ఉండగా ఒకరోజు ఆయన అదృష్టం పండింది. లేత పసుపు పువ్వు అంచున మంచుబిందువు, దాని పక్కనే నిగనిగలాడుతూ ఓ పచ్చపురుగు. ఇన్నాళ్లలో ఆయన కెమెరా చూసి పారిపోని ప్రాణి అదొక్కటే. అనంతపద్మనాభం చాళ్ల మధ్య బోర్లా పడుకున్నాడు. అప్పుడే వెంకయ్య మందు డబ్బా వీపున తగిలించుకుని వచ్చాడు.

"ఆగు! ఈ వారం మందు కొట్టద్దు" అని అరిచాడు ఆయన. "దీన్ని ఇంకా నాలుగైదు రకాలుగా తీయాలి."

పక్క చేను పేరయ్యది. చేను తప్ప మరో ఆధారం లేని రైతు. అతను గట్టు మీద నిలబడి చాలాసేపు చూశాడు.

"లాయరు గారూ, ఏమన్నా పోయిందాండీ?"

"పురుగుకి ఫొటో తీస్తున్నాను పేరయ్యా."

"పురుగుకి ఫొటో ఎందుకండీ, ఏదన్నా సంబంధం వచ్చిందా?"

"నవ్వకు. ప్రతి జీవికీ బతికే హక్కుంది."

"ఉంటే ఉందిలెండి. ఆ హక్కు గట్టు దాటి మా చేలోకి రాకుండా చూడండి."

ఆ ఫొటోకి 'హరిత శిశువు' అని పేరు పెట్టి గుంటూరు ఫొటోల పోటీకి పంపితే మొదటి బహుమతి వచ్చింది. సన్మాన సభలో ఆయన ప్రకృతి గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు, ఫ్యాన్లు ఆపేదాకా ఆపలేదు. సభ అయ్యాక టై కట్టుకున్న ఒకాయన వచ్చి, తనది వ్యవసాయానికి సంబంధించిన కంపెనీ అనీ, రైతులకి విజ్ఞానం పంచే పోస్టరు కోసం ఆ ఫొటో కావాలనీ అడిగాడు. అనంతపద్మనాభం ఒక్కటే షరతు పెట్టాడు, ఫొటో కింద తన పేరు, పొలం పేరు ఉండాలని. చదవకుండా సంతకం పెట్టొద్దని రోజూ క్లయింట్లని కోప్పడే మనిషి, కాగితంలో తన పేరున్న పంక్తి మాత్రం చదివి సంతకం పెట్టాడు.

నెల తిరక్కుండానే చిలకలూరిపేట బస్టాండులో, మందుల కొట్ల తలుపుల మీద, గంజిపాడు రామాలయం గోడ మీద పోస్టర్లు వెలిశాయి. హరిత శిశువు మీద ఎర్రటి అడ్డగీతలు. పైన 'మీ శత్రువును గుర్తించండి!' అని బండ అక్షరాలు. కింద పురుగుమందు డబ్బా బొమ్మ. దాని కింద: 'వి. అనంతపద్మనాభం, బి.ఏ., బి.ఎల్., నందనవనం, గంజిపాడు.'

అప్పటికి చేలన్నీ పురుగుతో కదులుతున్నాయి. మందు మీద మందు కలిపి కొట్టినా పురుగు చావడం లేదు, పిందె నిలవడం లేదు. రైతులు వెళ్లి మందుల కొట్టు చెంచురామయ్యని నిలదీశారు.

"మందులో దోషం లేదయ్యా" అన్నాడు చెంచురామయ్య తొణక్కుండా, పోస్టరు మీద వేలు పెట్టి. "మీరు చంపుతుంటే అక్కడ పెంచుతున్నారు. కంపెనీవాళ్లే అచ్చేశారుగా, శత్రువు ఎక్కడుంటాడో. చదువుకోండి."

ఆ ఆదివారం నందనవనం గేటు ముందు ట్రాక్టరు ఆగింది. అనంతపద్మనాభం లకుముకిపిట్ట కోసం బావిగట్టున ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. పిట్ట ఎగిరిపోయింది. ముందు పేరయ్య, వెనక ఊరి రైతులు, అందరికన్నా వెనక పేరయ్య భార్య సుబ్బరావమ్మ నెత్తిన తట్టతో దిగారు. ఆవిడ తిన్నగా పాక అరుగు దగ్గరికి వచ్చి, ఉప్మా గిన్నె పక్కకి జరిపి, తట్ట బోర్లించింది. అరుగంతా పచ్చపురుగులు.

"మీ పిల్లలండీ" అంది. "మీ పేరు రాసుంది గదా, తెచ్చి అప్పజెప్తున్నాం."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా, న్యాయశాస్త్రం ప్రకారం పురుగుకి యజమాని అంటూ ఉండడు. అది పాకుతూ..."

"మరి పేరెందుకు ఏయించుకున్నారండీ?"

ఇంత చిన్న ప్రశ్న ఆయన్ని కోర్టులో ఎవరూ అడగలేదు. ఆయన చూపు అరుగు మీదికి పోయింది. వాలుగా పడిన ఎండలో పురుగులు పచ్చరాళ్లలా మెరుస్తున్నాయి. చెయ్యి దానంతటదే కెమెరా మీదికి పోయింది.

"ముందది కింద పెట్టండి" అంది కామేశ్వరి.

పెట్టాడు.

"మందు కొట్టీ కొట్టీ ఈయన చేతులు బొబ్బలెక్కినయ్యి. చూడండి" అని సుబ్బరావమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. పేరయ్య సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. చాలామంది తిట్టాలని వచ్చారు గానీ ఆ చెయ్యి చూశాక ఎవరూ తిట్టలేదు. ట్రాక్టరు వెళ్లిపోయింది. అనంతపద్మనాభం వెంకయ్యని పిలిచి, ఫొటోల సంగతి తర్వాత, ముందు మందు కొట్టమన్నాడు. వెంకయ్య కొట్టాడు. పురుగు చావలేదు. సంక్రాంతి నాటికి నందనవనంలోనూ, పేరయ్య చేలోనూ, ఆ చుట్టుపక్కల ఎక్కడ చూసినా మోళ్లే మిగిలాయి.

ఒకరోజు పేరయ్య నరసరావుపేటలో ఆయన ఇంటికే వచ్చాడు. అనంతపద్మనాభం ముందు అతని చేతులకేసి చూశాడు. తట్ట లేదు.

"నష్టపరిహారం దరఖాస్తుకి చేలో నిలబడి దిగిన ఫొటో కావాలంటున్నారండీ మండలాఫీసులో. స్టూడియో వాళ్లు అంత దూరం రామన్నారు. మీకు పురుగులకే తీసే ఓపికుంది గదా అని..."

ఎగతాళో, నిజంగానే అడుగుతున్నాడో తెలియలేదు. ఆయన మర్నాడే వెళ్లాడు. వెళ్లేసరికి ఊరంతా తయారై ఉంది. మగవాళ్లు నూనె రాసి తలలు దువ్వి ఇస్త్రీ చొక్కాలు తొడిగారు. సుబ్బరావమ్మ పెళ్లినాటి పట్టుచీర కట్టి, ఎండిన మోళ్ల మధ్య మొగుడి పక్కన నిటారుగా నిలబడింది.

"అమ్మా, కొంచెం దిగులుగా చూడాలి" అన్నాడు అనంతపద్మనాభం.

"ఆఫీసరు గారు చూసే ఫొటోలో ఏడుపుముఖం పెడితే ఏం మర్యాదండీ?" అని ఆవిడ ఇంకాస్త నవ్వింది.

ఎంత బతిమాలినా ఒక్కరూ దిగులుగా నిలబడలేదు. ఆయన ఒక్కొక్కరినీ ఓపిగ్గా తీశాడు. ఫొటోలు కడిగించి మండలాఫీసుకి తనే తీసుకెళ్లాడు. ఆఫీసరు ఫొటోలు ఒకటొకటిగా తిరగేసి పక్కన పెట్టాడు.

"ఫస్టుక్లాసుగా తీశారు. కానీ వీటిలో నష్టం ఎక్కడ కనపడుతోందండీ? పెళ్లికి వెళుతున్నట్టున్నారు."

అనంతపద్మనాభం వాదించాడు. వాదిస్తూ ఉంటే మధ్యాహ్నమైంది. ఆఫీసరు భోజనానికి లేచిపోయాడు.

సాయంత్రం గంజిపాడు వెళ్లి జరిగింది చెప్పి, ఎవరి ఫొటో వాళ్లకి పంచాడు. తన మీద మళ్లీ కోపం వస్తుందనుకున్నాడు. పేరయ్య బీడీ వెలిగించుకున్నాడు. సుబ్బరావమ్మ ఫొటోని వెలుతురికి పెట్టి చాలాసేపు చూసింది.

"బాగున్నామండీ" అంది. ఫొటో మొగుడి చేతికిస్తూ, "చేనూ బాగానే పడింది" అంది.